పోలమ్మ తల్లికి టాలీగంజ్‌లో వంటిల్లు

మా అత్త అప్పాయమ్మకి ఒక జబ్బుంది. మందుల్లేని జబ్బు. నా నోట్లోంచి చెడ్డమాట ఊడిపడితే చాలు, వెనకనుంచి దాన్ని ఏరి, తుడిచి, మంచిమాట చేసి పెడతాది. నేను "బియ్యం అయిపోయాయి" అన్నాననుకోండి, గోడవార కూకునే "నిండుకున్నాయి అను" అంటాది. దీపం ఆరిపోయిందంటే కొండెక్కిందనమంటాది. పనికి పోతన్నానంటే వెళ్ళొస్తాననమంటాది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట, చెవిని పడ్డ మాటకల్లా అలాగే కానీ అనీసి పోతారట. మేముండే హౌరా టికియాపారాలో రైలింజన్ల కూతకి పక్క మంచం మీదున్న మొగుడి మాటే వినపడదు, పైనున్నవాళ్ళకి నా మాట వినపడిపోతాదేటి అంటే మూతి మూడు వంకర్లు తిప్పుతాది. పెళ్ళై వచ్చిన కాణ్ణించీ ఆ గొణుగుడు నా వెనకే ఉంది. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆవిడ సంగతి ఉండనీండి, ముందు నా ఉద్యోగం సంగతి చెప్తాను. నేను టాలీగంజ్‌లో ఒక టీవీ స్టూడియోలో ఊడుస్తాను. పేరుకి స్టూడియో గానీ అది ఒకప్పుడు బిస్కెట్ల గోదాము. పైన రేకులు. వానొస్తే రేకుల మీద డప్పు మోగుతాది కాబట్టి షూటింగ్ ఆపీస్తారు. ఆ గోదాము లోపల ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక ప్రోగ్రాం తీస్తారు. పేరు 'దుపురేర్ దాలాన్', అంటే మధ్యాహ్నపు వసారా అన్నమాట. బెంగాలీ ఆడోళ్ళు అన్నాలు తిని నడుం వాల్చే వేళకి మధుజాది అనే ఆవిడ వచ్చి వంట చేస్తాది, ఎవరినో పిలిచి కబుర్లాడతాది, కబుర్ల మధ్యలో కళ్ళు ఒత్తుకుంటాది.

ఆ ఇంటి భాగ్యం చెప్పాలంటే ఒక రోజు చాలదు. మెట్లున్నాయి, ఎక్కితే పైన మేడ లేదు, ఫ్యాను రెక్కలున్నాయి. కిటికీలోంచి ఎండ పడతాది, అది పసుపు కాయితం అంటించిన పెద్ద లైటు. ఆ లైటు మనిషి టీకి వెళ్తే సూర్యుడు టీకి వెళ్ళేడని అందరం కూకునీవాళ్ళం. వంటింట్లో కుళాయి ఉంది, దానికి నీళ్ళు లేవు. గోడ వెనక ఒకడు బకెట్టూ గొట్టమూ పట్టుకుని నిలబడతాడు. మధుజాది కుళాయి తిప్పుతూ చిన్నగా దగ్గుతాది, ఆ దగ్గు విని వాడు పోస్తాడు. ఒకసారి ఆవిడకి నిజంగానే జలుబు చేసి వంటిల్లంతా వరదైపోయింది. గులాబీరంగు స్నానాలగది ఉంది, అద్దంలా మెరుస్తాది, దానికి తూమే లేదు. ముచ్చట్లకి పిలిచిన ఒక ముసలి మాస్టారు ఆ సంగతి తెలీక లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. తర్వాత కడిగింది నేనే. నిజం మరుగుదొడ్డి జెనరేటర్ వెనకాల ఒక్కటే ఉంది. దాని తాళం చెవి దుంగకి కట్టి దర్వాను దగ్గర పెట్టేరు, తలుపుకి మాత్రం గడియ లేదు. అబద్ధపు ఇంటికైనా దుమ్ము నిజందే పడతాది కాబట్టి నాకు పని ఉండేది.

అక్కడ ఇంకో తమాషా ఉంది. అది యూనియన్ల రాజ్యం కదా, ప్రతి పనికీ వేరే యూనియను. లైటు వాళ్ళు లైటే ముట్టుకుంటారు. వడ్రంగులు కర్రనే ముట్టుకుంటారు. సామాన్ల వాళ్ళు వాళ్ళు తెచ్చిన సామానే ముట్టుకుంటారు. ఒకరి వస్తువు ఇంకొకరు కదిపేరంటే ఆ రోజుకి షూటింగ్ ఉండదు, గేటు ముందు ఎర్రజెండా ఉంటాది. ఒకనాడు కుర్చీ పడిపోతే, కుర్చీలెత్తే మనిషి భోజనం ముగించి పాన్ నములుకుంటూ వచ్చేదాకా మధుజాది నిలబడే కబుర్లు చెప్పింది. లేపడానికి నా చెయ్యి ఎంత దురద పెట్టిందో నాకే తెలుసు. లేపలేదు.

వీళ్ళందరికీ పెద్ద బటుక్ దా, వాళ్ళ భాషలో దా అంటే అన్న, ది అంటే అక్క. సన్నగా, చొక్కా జేబులో రెండు పెన్నులతో, ఎప్పుడూ నిద్ర చాలని మొహంతో ఉంటాడు. నాకు జగ్గమ్మ అని నామకరణం చేసిన మా నాయన వింటే ఏడ్చునుగానీ, బటుక్ దా నన్ను జొగ్గాదీ అని పిలుస్తాడు. అన్నేళ్ళు ఊడ్చినా నేను టెంపరరీయే. ప్రతి మేడే నాడూ వచ్చే ఏడు పర్మనెంట్ అయిపోతావు జొగ్గాదీ అంటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మా దగ్గర దేవుడే లేడు, అందరూ పూజారులే.

అలా ఉండగా నా మొగుడు బైరాగి బస్తాలు దింపుతూ లారీ మీంచి పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. ప్లాస్టర్ విప్పిన డాక్టరు, నడిస్తే నడుస్తాడు, లేకపోతే లేదు అన్నాడు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో నాకర్థం కాలేదు. ఇంట్లో రాబడి నా చీపురొక్కటే అయిపోయింది. అత్త రాత్రీ పగలూ మా ఊరి పోలమ్మ తల్లిని తలుచుకుని, చివరికి నా చేతే మొక్కించింది. వాడు లేచి నడిచేదాకా తల్లికి ఇంట్లో ఘటం నిలపాలి. నడిచిన్నాడు పానకమూ చలివిడీ పెట్టి, కన్నకూతుర్ని అత్తారింటికి పంపినట్టు పారే నీళ్ళలోకి పంపాలి. ఎత్తిన చెయ్యే దించాలి, మధ్యలో ఇంకొక చెయ్యి తగలకూడదు. ఘటం ఉన్నంతకాలం ఎత్తిన మనిషే దాని నీళ్ళు మార్చాలి.

మొక్కు బాగానే ఉంది, ఇల్లేదీ? మాకున్నది ఒక్క గది. వంట నాలుగు కాపురాల మధ్య నడవలో. అక్కడ ఘటం పెడితే తెల్లారేసరికి ఎవరి కాలో తగులుతాది, తల్లికి కోపం వస్తాది. ఆలోచించి ఆలోచించి, నా చేతికింద ఉన్న మంచి వంటిల్లు ఒక్కటే అని గ్రహించేను. పాలరాయి కాయితందైతే ఏం, పొయ్యి నిజం కదా. రోజూ నిప్పు రాజుతాది, రోజూ అన్నం ఉడుకుతాది. నిప్పూ గడపా ఉన్నది ఇల్లు కాకపోతే మరేటి? ఒక శుక్రవారం పొద్దున్నే ఎవరూ రాకముందే వెళ్ళి, గది తుడిచి, పసుపు రాసిన కుండకి బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, మీద దీపం పెట్టి, ఈశాన్యం మూల అలమారా పక్కన నిలిపేను. సాయంత్రం తీసి దాచీవచ్చు, పొద్దున్న మళ్ళీ పెట్టొచ్చు అనుకోలేదు. నిలిపింది నిలిపిందే.

ఆ రోజు కెమెరాలో ఘటం పడింది. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడ ప్రతివాడూ అది పక్కవాడి పని అనుకున్నాడు. మర్నాడు నేను భయపడి ఒక చీరగుడ్డ కప్పితే, నిన్నటి వస్తువు నిన్నటిలాగే ఇవాళా ఉందా లేదా అని చూసే ఆవిడ ఒకావిడుంటాది, ఆవిడ కెవ్వుమంది. నిన్న ఉన్నది ఇవాళ లేకపోతే చూసేవాళ్ళు ఉత్తరాలు రాస్తారట. గుడ్డ తీసేను. ఇంకప్పణ్ణించీ తల్లి ఏకై వచ్చి మేకైపోయింది. మధుజాది ఆ కుండవైపు చూసి, ఇది మా ఇంటి మంగళ్ ఘట్ అని చూసేవాళ్ళకి పరిచయం చేసింది. బెంగాలీవాళ్ళకీ ఘటమంటే ఘటమే కదా. ఉత్తరాలు వచ్చేయి. అసన్సోల్ నుంచి ఒకావిడ తన పిల్లకి సంబంధం కుదిరేలా ఘట్‌కి చెప్పమని రాసింది. రోజూ నేను నీళ్ళు మార్చి, వేపాకు మార్చి, నా మొగుడి కాలి సంగతి చెవిలో చెప్పీసి ఊడ్చుకునేదాన్ని.

దుర్గాపూజలు అయిన వారానికి బైరాగి లేచేడు. గోడ పట్టుకుని లేచేడు, గోడ వదిలీసి నడిచేడు. వీధి చివర పంపు దాకా వెళ్ళి చెంబుడు నీళ్ళు తెచ్చేడు. నేను ఏడ్చేను, అత్త ఏడ్చింది, వాడు మాత్రం నీళ్ళు చల్లగా ఉన్నాయన్నాడు. బస్తాలు మోసే కాలు కాదింక అది, అయినా నడిచే కాలు. ఆ రోజే అత్త పానకానికి బెల్లం ఎంత కావాలో లెక్క చెప్పడం మొదలెట్టింది. వచ్చే శుక్రవారం పంపుదాం అన్నాను.

ఆ శుక్రవారం రాకముందే సాన్యాల్ బాబు వచ్చేడు. ఆయన ప్రొడ్యూసరు, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ ఉంటాడు. వంటలూ కన్నీళ్ళూ ఇక చాలట, జనానికి లైట్లు వెలిగే ఆటల పోటీ కావాలట. ఇల్లు పడగొట్టమన్నాడు. ఇల్లు లేకపోతే ఊడ్చే మనిషెందుకు, టెంపరరీని కదా, నాకు చెప్పను కూడా చెప్పలేదు. వడ్రంగులు వచ్చి ముందు మెట్లు ఊడబెరికేరు, తర్వాత హాలు, తర్వాత గులాబీ స్నానాలగది. వంటింటి గోడ మీద సుత్తి ఎత్తేరు. ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆగిపోయింది. మూల ఘటం ఉంది.

ఘటం తీస్తేగానీ గోడ పడదు. తీసేదెవరు? వడ్రంగులు అది కర్ర కాదన్నారు. సామాన్ల వాళ్ళు మేం తేలేదు, మాది కాదన్నారు. లైటు వాళ్ళని అడిగితే, దీపమే గానీ కరెంటుది కాదు కదా అన్నారు. క్యాంటీను వాళ్ళు తినేది కాదన్నారు. చివరికి మా ఊడ్చేవాళ్ళ పద్దుకి వచ్చింది. మేం ఎత్తేది చెత్త. ఇది చెత్త అని ఎవరైనా నోటితో అంటే ఎత్తుతాం అన్నాడు మా మేస్త్రీ. గోదామంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాన్యాల్ బాబు నోరు తెరిచేడు, ఘటం వైపు చూసేడు, చెమట తుడుచుకున్నాడు.

దాంతో పెద్ద గోదాము నడిమధ్య వంటిల్లొక్కటే మిగిలింది. మూడు గోడలు, ఒక పొయ్యి, ఒక తల్లి. ఛానెల్‌కి ఒంటిగంటకి ఏదో ఒకటి వెయ్యాలి కాబట్టి ప్రోగ్రాం ఆ వంటింట్లోనే నడిచింది. మధుజాది ఎక్కణ్ణించో చీకట్లోంచి నడుచుకుంటూ వచ్చి, ఉన్న ఒక్క తలుపు తీసుకుని, ఇంట్లో అందరూ బాగున్నారా అని పలకరించేది. ఏ ఇంట్లోనో ఆవిడకే తెలీదు.

సాన్యాల్ బాబు ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, ఈ కుండ నువ్వే పెట్టేవని విన్నాను, నువ్వే తీసుకుపో అన్నాడు. ఆ మాట బటుక్ దా చెవిన పడింది. టెంపరరీ మనిషి చేత తగాదాలో ఉన్న వస్తువు ఎలా కదిలిస్తారు అని ఆయన మీటింగ్ పెట్టేడు. మీటింగ్ మీద మీటింగ్ అయింది. మధ్యలో ఒక బంద్ వచ్చింది, దానికీ మాకూ సంబంధం లేకపోయినా మేమూ చేసేం. ఆఖరికి ఒప్పందం కుదిరింది. ఘటాన్ని తియ్యడానికని ఒక కొత్త ఉద్యోగం పుట్టించేరు, అది పర్మనెంట్. ఆ ఉద్యోగం నాకిచ్చేరు. ఘటం తీసిన రోజున ఆ ఉద్యోగం రద్దు. సాన్యాల్ బాబు చల్లటి నీళ్ళు తాగి, రేపటికి పని అయిపోతాది కదా అన్నాడు. బటుక్ దా నన్ను టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి మెల్లిగా చెప్పేడు.

"తియ్యడం నీ పని, జొగ్గాదీ. ఎప్పుడు తియ్యాలో ఎవరూ అనలేదు."

అలా నేను పర్మనెంట్ అయ్యేను. ఒక పని చెయ్యడానికి జీతం, ఆ పని చేస్తే జీతం లేదు. రోజూ పొద్దున్నే ఘటం తియ్యడానికని బయల్దేరి, ఎస్ప్లనేడ్‌లో మెట్రో ఎక్కి, టాలీగంజ్‌లో దిగి, తియ్యకుండా ఇంటికొచ్చేదాన్ని. నా జన్మలో అంత చక్కటి ఉద్యోగం చూడలేదు.

ఇంటి దగ్గర మాత్రం అత్త నా ప్రాణం తోడీసింది. మొక్కు తీరి తల్లిని ఆపడమేటి, పంపకపోతే ఏమౌతాదో తెలుసా అని. వచ్చే శుక్రవారం అన్నాను. ఆ పై శుక్రవారం అన్నాను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పంపితే పొయ్యి మీదకి గింజ ఎక్కదు. పంపకపోతే తల్లి ఊరుకుంటాదా? చలికాలం వచ్చేసరికి బైరాగి కాలు వాచింది. మళ్ళీ గోడ పట్టుకున్నాడు. విరిగిన కాలికి చలికి వాపొస్తాదని డాక్టరన్నాడు. అత్త ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేనెప్పుడూ ఎరగను.

మర్నాడు వంటింట్లో ఘటం ముందు కూకున్నాను. అడిగినదిచ్చిన తల్లిని అట్టముక్కల గదిలో పెట్టి, నా జీతం కోసం కాపలా కూకోబెట్టేను. మొగుడి కాలు తాకట్టు పెట్టి ఉద్యోగం చేస్తున్నానే అనిపించింది. సిగ్గు కాదది, భయమూ కాదు, నా మీద నాకే పుట్టిన కోపం. లేచి వెళ్ళి బటుక్ దాకి చెప్పీసేను, ఈ శుక్రవారం తల్లిని పంపుతున్నాను అని. ఆయన ఇంకొంచెం ఆగకూడదా అన్నాడు. ఆగలేను దాదా అన్నాను.

శుక్రవారం సాన్యాల్ బాబు పండగ చేసుకున్నాడు. ఆఖరి ఎపిసోడ్‌గా తల్లి అంపకం తీద్దామన్నాడు. అత్త పానకం కలిపింది, చలివిడి చేసింది. పొయ్యి నిజందే కదా, ఆ వంటింట్లోనే చేసింది. కుళాయి దగ్గర నిలబడి నీళ్ళు రాకపోతే గోడవైపు తిరిగి బకెట్టు వాణ్ణి అచ్చ తెలుగులో తిట్టింది, వాడు భయపడి దగ్గు లేకుండానే పోసేడు. మధుజాది ఎర్రంచు తెల్లచీర కట్టింది. ఢాక్ అనే పెద్ద డోలు వాయించేవాణ్ణి పిలిపించేరు. పసుపుచీరతో నేను ఘటం నెత్తిన పెట్టుకుని గడప దాటేను. దాటుతుంటే గోదాము గోదామంతా లేచి నిలబడింది. లైటువాళ్ళు ఏడ్చేరు. నేను మాత్రం ఏడవలేదు.

కెమెరా తీగ గేటు దాకే వస్తాది. అక్కడితో టీవీ ఆగిపోయింది, మేం సాగిపోయేం. బటుక్ దా యూనియను మొత్తాన్ని వెంటబెట్టుకొచ్చేడు. మేం దేవుణ్ణి నమ్మం గానీ ఊరేగింపంటే మాకు ప్రాణం అన్నాడు. కొంతదూరం మౌనంగా నడిచేరు, ఆ పైన అలవాటు ఊరుకోలేదు. ఎవడో పిడికిలెత్తి "ఘట్ జిందాబాద్" అన్నాడు, వెనకవాళ్ళు అందుకున్నారు. రోడ్డు మీద బస్సులు ఆగిపోయేయి. ఒక పోలీసు, మీ కోర్కెలేమిటి అని అడిగేడు. ఎవరికీ చెప్పడం రాలేదు.

ఆదిగంగ కాలవ గట్టు మీద అందరూ ఆగిపోయేరు. నీళ్ళు నల్లగా ఉన్నాయి, గట్టంతా జారుడు. అత్తా నేనూ మాత్రం దిగేం. పైన ఢాక్ వాడు దంచేస్తున్నాడు. మోకాలి లోతున నిలబడి ఘటాన్ని నీళ్ళ మీద పెట్టేను. మామూలుగా అయితే తల్లితో పోయి రమ్మంటాం, ఏడాదికి మళ్ళీ రమ్మంటాం. నా నోటికి ఆ మాట రాలేదు. నా బతుకు కోసం తల్లిని మళ్ళీ ఆ అట్ట వంటింట్లోకి లాగడమేటి?

"పో తల్లీ," అన్నాను. "ఈ దొంగ ఇంటికి మళ్ళీ రాకు. నా పాట్లేవో నేను పడతాను."

ఘటం ఒకసారి తిరిగి, ఒరిగి, మునిగిపోయింది. అప్పుడు ఏడుపొచ్చింది. తల్లి పోయినందుకూ, ఉద్యోగం పోయినందుకూ కలిపి ఒకేసారి ఏడ్చీసేను.

తడి చీరతో తిరిగొచ్చేసరికి గేటు దగ్గర సాన్యాల్ బాబు నిలబడి ఉన్నాడు. వెనక వడ్రంగులు సుత్తులతో ఉన్నారు. అయితే జొగ్గాదీ ఉద్యోగం ఇవాళ్టితో సరి, వంటిల్లు పడగొట్టండి అన్నాడు. నేను తలూపేను, నా చీపురు తెచ్చుకుందామని లోపలికి అడుగేసేను. బటుక్ దా చెయ్యి అడ్డం పెట్టేడు.

"ఒక్క మాట. నీళ్ళ దగ్గర తల్లితో ఏమని చెప్పేవు?"

ఆయన ఎందుకడుగుతున్నాడో నాకు తెలిసిపోయింది. సాన్యాల్ బాబుకీ తెలిసిపోయింది, మొహం మాడ్చుకున్నాడు. తల్లిని పొమ్మన్నామంటే పోయినట్టు. మళ్ళీ రమ్మన్నామంటే ఊరెళ్ళినట్టు. ఊరెళ్ళిన మనిషి ఉద్యోగం ఎవడూ రద్దు చెయ్యలేడు, ఊరెళ్ళిన మనిషి ఇల్లు ఎవడూ పడగొట్టలేడు. ఒక్క మాట అంటే నా ఉద్యోగం నాకుంటాది. తల్లి మునిగిన నీళ్ళు ఇంకా నా చేతులమీంచి కారుతున్నాయి. ఆ చేతులతో అబద్ధం ఆడలేకపోయేను. నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. వడ్రంగుల్లో ఎవడో సుత్తి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

నా వెనకనుంచి అత్త ముందుకొచ్చింది. ఆవిడ బెంగాలీ ఎలా ఉంటాదంటే, సగం మాటలు మావి, కోపం మాత్రం పూర్తిగా బెంగాలీది. సాన్యాల్ బాబు మొహంలోకి చూసి చెప్పింది.

"ఆబార్ ఎషో మా అన్నాం. మళ్ళీ రా తల్లీ అన్నాం. ఇంకేటంటారు? మీ ఇంట్లో ఏమంటారు?"

సాన్యాల్ బాబు నోరు తెరిచేడు. ఏటేటా దుర్గమ్మని గంగలో కలిపి అదే మాట అనే మనిషి ఆయన. తల్లి మళ్ళీ రాదని ఏ బెంగాలీ నోరు పలుకుతాది? చుట్టూ అంతమంది చూస్తున్నారు. నోరు మూసీసి చెమట తుడుచుకున్నాడు. ఘటం సెలవులో ఉంది అని బటుక్ దా ప్రకటించేడు, తల్లి వచ్చేదాకా ఇంటిని చూసుకోవడానికి మనిషి కావాలి, ఆ మనిషి ఉంది అన్నాడు. వడ్రంగులు సుత్తులు దించి టీకి వెళ్ళిపోయేరు.

మెట్రోలో సీటు దొరికింది. తడి చీరలు చూసి పక్కవాళ్ళు జరిగేరు. రవీంద్ర సరోబర్ స్టేషన్ వచ్చేసరికి ఇంక పట్టలేకపోయేను. తల్లి నీళ్ళు ఆరకముందే అంత అబద్ధం ఎలా ఆడేవత్తా, నీ తథాస్తు దేవతలు ఎటు పోయేరు, రేపు బైరాగి కాలికేమైనా అయితే ఎవరిది పూచీ అని గొంతు తగ్గించి దులిపీసేను. ఆవిడ కొంగు పిండుకుంటూ విన్నాది. చివరిదాకా విని నిదానంగా చెప్పింది.

"అబద్ధమేటే. నువ్వు రావద్దన్నావు, నేను విన్నాను. నీ వెనకే నిలబడి, మళ్ళీ రా తల్లీ, దాని మాట పట్టుకోకు, అది పిచ్చిది అన్నాను. ఆ డప్పులో నీకేటి వినపడతాది. నువ్వు మాటన్నాక వెనకాల నేను దిద్దకుండా ఏనాడైనా ఊరుకున్నానా?"

పెళ్ళైన కాణ్ణించీ నా చెవిలో హోరెత్తిన గొణుగుడు, వినకుండా పోయింది ఆ ఒక్కసారే. కిటికీ అద్దంలో ఆవిడ మొహం కనపడింది. తల ముగ్గుబుట్టై, బొట్టు కారిపోయి, ఏమీ జరగనట్టు కూకుంది. ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది గానీ మా ఇద్దరికీ అది అలవాటు లేదు.

హౌరా బ్రిడ్జి మీద బస్సులో కూకున్నాక, మాట్లాడ్డానికి ఏదో ఒకటి కావాలి కదా, అన్నాను.

"ఇంట్లో బియ్యం అయిపోయాయత్తా."

ఆవిడ నావైపు తిరగను కూడా లేదు. నిండుకున్నాయి అను, అంది.

"నిండుకున్నాయి," అన్నాను.